గుర్రాల మావయ్య పోయారట

నవంబర్ 9, ఆదివారం

ప్రపంచమంతా తగలబడుతోందని పొద్దున్నే టీవీ చెప్పింది. మా పొయ్యిలో బొగ్గు మాత్రం ఎంత ఊదినా అంటుకోలేదు. ఆయన తెచ్చింది తడి బొగ్గు. ఆ మాటంటే, తెచ్చినప్పుడు పొడిగానే ఉంది, ఇంట్లోకొచ్చాకే తడిసింది అన్నారు. సరే, నేనే తడిపాను. ఆవు వట్టిపోయిందీ నా వల్లే, ఈ ఏడు చలి ముందుగా వచ్చిందీ నా వల్లే.

అత్తగారికి చెవులు సగం పోయాయి గాని వార్తలు మాత్రం పొల్లుపోకుండా కావాలి. టీవీ ముందు పరుపు మడతేసుకుని, చేతిలో ఉన్ని కదురు పట్టుకుని కూర్చుంటారు. సౌండు ఎంత పెడతారంటే ఏ దేశానికి ఎవరు అధ్యక్షుడో దొడ్లో ఆవులకు కూడా తెలుసు. ఆ అధ్యక్షులంతా ఆవిడ దృష్టిలో మా వీధి కుర్రాళ్ళే.

"ఆ ఎర్ర టై వాడు మళ్ళీ వేలు చూపిస్తున్నాడు చూడు. చిన్నప్పుడే వాళ్ళమ్మ ఆ వేలి మీద ఒకటి వేసుంటే ఇంతదాకా వచ్చేదా."

"టీ చల్లారిపోతోందమ్మా."

"చల్లారనీ. ఈ బట్టతలాయన ఏమంటాడో విని తాగుతా. నిన్న మాట మింగేశాడు."

ఎక్కడో సముద్రంలో ఓడలు ఆగిపోయాయి. ఇంకెక్కడో వరద. ఎవరో ఎన్నికల్లో గెలిచి ఏడ్చారు, ఓడినవాళ్ళు నవ్వారు. నేను పిండి కలుపుతూ వింటున్నాను, వినడం లేదు కూడా. ఇంతలో రష్యాలో మా తమ్ముడు ఎసెన్ పనిచేసే ఊరి పేరు చెప్పారు. గోదాములున్న వైపు ఆకాశంలోంచి ఏదో వచ్చి పడిందట, పొగ చూపించారు. నా చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

ఆ ఊరు పెద్దది. మా ఊరు కొచ్‌కోర్ లాంటివి వంద దాన్లో కలిసిపోతాయి. ఎసెన్ ఉండేది ఊరికి అటు చివర. అటు చివరే అనుకుంటా. కిటికీలోంచి నది కనిపిస్తుందని ఒకసారి చెప్పాడు. టీవీలో పొగ వెనక నది కనిపించలేదు.

నా తమ్ముడని కాదు గాని, వాడికి భయం ఎక్కువ, ప్రమాదం ఉన్న చోట నిలబడే రకం కాదు. అమ్మ పోయినప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన ఏడాదికే వాణ్ణి కూడా చెయ్యి పట్టుకుని తెచ్చేసుకున్నాను. అత్తగారు ఏమంటారోనని గుమ్మంలోనే నిలబడితే, "నిలబడ్డారేం, చలి లోపలికొస్తోంది" అన్నారు. అంతే, ఆ విషయం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు వాడికి ముప్పై దాటింది, ఇంకా ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ నాకు ఫోన్ చేస్తాడు. తింటూ మాట్లాడతాడు, ఒక్క ముక్క అర్థం కాదు.

ఇవాళ చెయ్యలేదు. డ్యూటీ మార్చి ఉంటారు.

నవంబర్ 10, సోమవారం

ఇది ఎక్కడా చెప్పకూడదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

పిడకలు తెద్దామని దొడ్డి వెనక్కి వెళ్ళాను. మా ఆయన గోడకు నుదురు ఆనించి ఏడుస్తున్నారు. చెవి దగ్గర ఫోన్. "నా వల్ల కాదు, నేను చెప్పలేను" అంటున్నారు. నన్ను చూడగానే ఫోన్ జేబులో వేసుకున్నారు.

"ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే గోడను కౌగిలించుకున్నారేంటి?"

ముఖం తుడుచుకున్నారు. కాసేపు నా చేతిలోని తట్టనే చూశారు.

"మావయ్య," అన్నారు. "గుర్రాల మావయ్య పోయారు."

తట్ట కింద పెట్టేశాను. గుర్రాల మావయ్య అంటే అత్తగారి అన్న, కనుమ అవతల సుసామిర్‌లో ఉంటారు. కోడలిని కాబట్టి ఆయన పేరు నోటితో పలకను, రాద్దామన్నా చెయ్యి రావడం లేదు. గుర్రాలుండేవి కాబట్టి గుర్రాల మావయ్య. అత్తగారికి ఆ అన్నంటే ప్రాణం. టీవీలో ఎవరైనా అధ్యక్షుడు కాస్త తెలివిగా మాట్లాడితే, మా అన్న దగ్గర నేర్చుకున్నాడు అంటారు.

"అమ్మకు తెలియకూడదు," అన్నారు ఆయన. "పెద్దవాళ్ళు వచ్చి పద్ధతిగా చెప్పేదాకా ఒక్క ముక్క కూడా బయటపడకూడదు. పిల్ల జిబెక్‌కి కూడా నేనే చెప్పుకుంటా. నువ్వేం అడక్కు."

"మరి ఖననానికి? చెల్లెలు చూడకుండానే..."

"కనుమ మూసేశారు. మంచు."

"ఎప్పుడొస్తారు పెద్దవాళ్ళు?"

"వస్తారు. వారంలోపు వస్తారు. నువ్వు మామూలుగా ఉండు తుర్సునై. నీకు దండం పెడతా, మామూలుగా ఉండు."

పెళ్ళైనప్పట్నుంచీ ఆయన నాకు దండం పెట్టిన రోజు లేదు.

చావు కబురు ఎలా చెప్పాలో మావయ్యకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా కారు పంపించి మరీ తీసుకెళ్ళేవాళ్ళు. మా అమ్మ పోయిందని నాకు చెప్పింది ఆయనే. నలుగురు పెద్దలతో కలిసి వచ్చి, కూర్చుని, వానల గురించి, మేత గురించి, తల్లిని పోగొట్టుకున్న ఒక గుర్రప్పిల్ల గురించి మాట్లాడారు. నాకు ఎప్పుడు ఏడుపు వచ్చిందో తెలియలేదు, ఆయన 'చనిపోయింది' అన్న మాట అననే లేదు. అంత మెత్తగా చెప్పిన మనిషి కబురు ఆయన చెల్లెలికి ఇప్పుడు ఎవరు చెబుతారు. చెప్పేవాడే పోయాడు.

సాయంత్రం అత్తగారు టీ తాగుతూ, "ఏంటే పిల్లా, ముఖం అలా ఉంది?" అన్నారు. పొయ్యి పొగ అన్నాను.

ఎసెన్ ఫోన్ స్విచాఫ్. ఛార్జింగ్ పెట్టడం వాడికి ఎప్పుడూ గుర్తుండదు.

నవంబర్ 11, మంగళవారం

టీవీ మూగబోయింది. పొద్దున లేచి చూస్తే దానిమీద అత్తగారి పూల దుప్పటి కప్పి ఉంది.

"పాడైందా అమ్మా?"

"కళ్ళు మంటలు. కొన్నాళ్ళు వద్దు."

"విననైనా వింటారుగా. రేడియో లాగా."

"ఏముంది వినడానికి. వాళ్ళు కొట్టుకుంటారు, మనం పాలు పిండుకుంటాం."

నేను కంగారుపడ్డాను. చావు ఇంట్లోనే టీవీ అలా కప్పేస్తారు. ఎవరూ చెప్పకుండానే ఈవిడకు ఎలా తెలిసింది? రక్తసంబంధం అంటే ఇదే కాబోలు. పక్కింటి రాబియాతో ఆ మాటే అన్నాను, తను కళ్ళు ఒత్తుకుంది. రాబియాకు కూడా చెప్పారన్నమాట. మా ఆయన దేవుడి దగ్గర కూడా దాచమన్నది బజారులో చెప్పి వస్తారు.

"నువ్వు మాత్రం అత్తగారి పక్కనుంచి కదలకు," అంది రాబియా.

"నేనెక్కడికి పోతాను. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు పట్టుకోవడానికి మనిషుండాలిగా."

"ఉంటాం," అంది. "మేమందరం ఉంటాం."

నా ఫోన్ ఆయన తీసుకెళ్ళారు. పగిలిన అద్దం మార్పిస్తానని నాలుగు నెలలుగా అంటున్నారు, ఇవాళే గుర్తొచ్చింది. పరామర్శ మెసేజీలు వస్తుంటాయి, అత్తగారు జిబెక్ చేత చదివించుకుంటారు, అందుకని కావచ్చు. అర్థం చేసుకోగలను. కాని ఎసెన్ చేస్తే ఎలా? "నా ఫోన్‌కి చేస్తాడులే" అన్నారు ఆయన, షూ లేసులు కట్టుకుంటూ. ఆ లేసులు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం టీ దగ్గర ఒక విచిత్రం జరిగింది. ఈ ఇంట్లో టీ పోసేది నేను. అందరికీ పోసి, అందరూ తాగాక అడుగున మిగిలింది నేను తాగుతాను, కోడలి పద్ధతి అది. ఇవాళ అత్తగారు కేటిల్ తన వైపు లాక్కుని, మీగడ వేసి, గిన్నె నా ముందు పెట్టారు.

"తాగు."

"అయ్యో, మీరెందుకమ్మా..."

"నా చేతులేమైనా పడిపోయాయా? తాగమన్నాను."

తాగాను. రోజూ టీలో వేసే ఉప్పే, ఇవాళ ఎక్కువైంది. ఒక్క మాట కూడా అనకుండా తాగేశాను, ఆవిడ మనసులో ఏముందో పాపం.

నవంబర్ 12, బుధవారం

మంచు. ఎసెన్ చెయ్యలేదు. రొట్టెలు కాల్చాను, జనం వస్తారుగా.

నవంబర్ 13, గురువారం

నడుము పడిపోయింది. మామూలుగా ఉండడం అన్నింటికన్నా పెద్ద చాకిరీ అని ఇప్పుడు తెలిసింది. దొడ్లో పని చేస్తే రాత్రికి నిద్రన్నా వస్తుంది. దీనికి అదీ లేదు.

జిబెక్ బడి నుంచి వచ్చింది, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. పధ్నాలుగేళ్ళ పిల్ల, ఏదీ దాచడం చేతకాదు. వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు వేశాను.

"ఇలా ఏడిస్తే నానమ్మకు తెలిసిపోతుంది. తాత కోసం ఏడవడానికి చాలా టైముంది, రెండు రోజులు ఓపిక పట్టు."

అది నన్ను చూసింది. "ఏ తాత?"

"గుర్రాల తాతే. నాన్న చెప్పలేదా నీకు?"

"ఆ," అంది. "చెప్పారు. తాత." వెంటనే నన్ను గట్టిగా వాటేసుకుంది. దాని ముక్కు కారి నా భుజమంతా తడిసింది. తాతను అది జన్మలో నాలుగైదుసార్లు చూసిందేమో, ఇంత ప్రేమ ఉందని నాకు తెలియదు. పిల్లల మనసు.

ఆయన ఎక్కడినుంచో ఉన్ని గుడారం తెచ్చారు, చావింటి వాకిట్లో శవాన్ని ఉంచడానికి వేసేది. కర్రలు దొడ్డి పక్కన దింపి, కంబళ్ళు నా ముందు పడేశారు. చిరుగులున్నాయి, కుట్టాలట.

"గుడారం ఎందుకు? మనిషి పోయింది సుసామిర్‌లో కదా. ఖననం అక్కడే కదా. మన వాకిట్లో గుడారం వేసి లోపల ఎవర్ని పడుకోబెడతారు?"

ఆయన కర్రలు లెక్కపెడుతున్నట్టు నటించారు.

"అమ్మ కూర్చోవడానికి," అన్నారు చివరికి. "పరామర్శకు వచ్చేవాళ్ళు అమ్మ దగ్గరికే కదా వస్తారు. ఇంట్లో చోటు చాలదు."

చాలదు నిజమే. మధ్యాహ్నమంతా కంబళ్ళు కుట్టాను. మందంగా ఉంది, సూది దిగదు. బొటనవేలికి గుచ్చుకుంది రెండుసార్లు. అత్తగారు వచ్చి నా పక్కన కూర్చుని దారం ఎక్కించి ఇస్తున్నారు. ఎందుకు కుడుతున్నానో అడగలేదు. తన కోసమే కుడుతున్నానని తెలిసినట్టే కూర్చున్నారు. ఆవిడ ముఖం చూడలేక తల దించుకుని కుట్టాను. ఒకసారి నా తల మీద చెయ్యి వేసి తీశారు.

అత్తగారు బయటికి వెళ్ళినప్పుడు దుప్పటి తీసి టీవీ పెట్టాను. మూడు రోజులుగా ప్రపంచం ఏమైందో తెలియదు, తెలియాలనీ లేదు, ఆ ఊరి సంగతి ఒక్కటి చెబితే చాలు. ఓడలు ఇంకా కదల్లేదు. ఎర్ర టై ఆయన ఇంకా వేలు చూపిస్తూనే ఉన్నాడు. ఫుట్‌బాల్ వచ్చింది, వాతావరణం వచ్చింది. కనుమ దారి తెరిచే ఉంది, వాహనాలు తిరుగుతున్నాయి అని చెప్పింది వాతావరణం చదివే అమ్మాయి. పాత బులెటిన్ వేసి ఉంటారు, వీళ్ళకిది అలవాటే. తర్వాత రష్యా మ్యాప్ వచ్చింది. ఆ మ్యాప్ మీద చుక్క ఎక్కడ పెడతారోనని చూస్తుంటే, తెర నల్లబడిపోయింది. తిరిగి చూస్తే అత్తగారు, చేతిలో ప్లగ్గు.

"నేను చూస్తున్నా అమ్మా. ఎసెన్ వాళ్ళ ఊరు..."

"ప్రపంచం సంగతి ప్రపంచం చూసుకుంటుంది. నువ్వు రా, టీ తాగుదువుగాని."

ఇన్నేళ్ళుగా నిమిషం వార్తలు పోతే గోల చేసే మనిషి. నాకు కోపం వచ్చింది. అంతలోనే జాలి వేసింది. లోపల ఎంత బరువు మోస్తుంటే ఇలా మారిపోతారు మనుషులు.

నవంబర్ 14, శుక్రవారం

ఇవాళ గొడవ పడ్డాను. పడకుండా ఉండాల్సింది.

ఆయన ఎసెన్ గుర్రాన్ని మంద నుంచి తెచ్చి వాకిట్లో కట్టారు. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడగుర్రం, వాడు మొదటి జీతంతో కొన్నది. మనిషిని కాదు, దాన్ని అడుగుతాడు ఫోన్ చేసినప్పుడల్లా. అక్కా ఎలా ఉన్నావు అనడు, గుర్రం ఎలా ఉంది అంటాడు.

"దీన్నెందుకు తెచ్చారు?"

"జనం వస్తారు. మాంసం కావాలి."

"మన ఎర్ర గుర్రం ఉందిగా. మీ మావయ్యకు మీ గుర్రాన్ని కోయండి. నా తమ్ముడిది ఎందుకు కోస్తారు?"

గట్టిగానే అన్నాను. దొడ్డి గోడ అవతల రాబియా మొగుడు కర్రలు సర్దుతున్నాడు, పని ఆపేసి అటు తిరిగి నిలబడ్డాడు.

"తుర్సునై," అన్నారు ఆయన.

"వాడు వచ్చి అడిగితే ఏం చెప్పను? ఫోన్ అయినా చేసి అడిగారా? అడగరు. వాడు అనాథగా మన ఇంట్లో పెరిగాడు కాబట్టి వాడి వస్తువు మన వస్తువే, అంతేనా?"

ఆ మాట అనకూడదు. ఈ ఇంట్లో వాణ్ణి ఎవరూ అలా చూడలేదు, నాకు తెలుసు. మా ఆయన వాడికి గుర్రమెక్కడం నేర్పారు, గడ్డం గీసుకోవడం నేర్పారు. ఆయన ఏదో అనబోయారు. కళ్ళెం నా చేతిలో పెట్టి దొడ్డి వెనక్కి వెళ్ళిపోయారు.

నేను గుర్రంతో మిగిలాను. అది నా జేబులో రొట్టె వెతికింది. సరేలే అనుకున్నాను. పెద్దాయన కోసం కదా, మావయ్య కోసమంటే ఎసెన్ కాదనడు. వాడికీ ఆయనంటే ఇష్టం. వాడు వచ్చాక నేనే చెప్పుకుంటాను, ఇంకోటి కొనిస్తాను, కాసేపు అలుగుతాడు.

అలగనీ. వచ్చి అలగనీ.

ఇవాళ ఆదివారం కాదు కాబట్టి ఫోన్ రాలేదు. ఎల్లుండి ఆదివారం. అప్పటికి నా ఫోన్ తెచ్చేస్తానన్నారు.

మామూలుగానే ఉన్నాను. అత్తగారి నల్ల గౌను ఉతికి ఇస్త్రీ చేసి, ఆవిడకు కనపడకుండా పెట్టె అడుగున పెట్టాను. తలకు కట్టే గుడ్డ కూడా. పెట్టె తెరిస్తే అక్కడ అప్పటికే ఇంకొక నల్ల గౌను మడతపెట్టి ఉంది, నా కొలతది. కోడలికి కూడా కావాలిగా. అత్తగారు ముందుచూపు గల మనిషి.

నవంబర్ 15, శనివారం

పొద్దున్నే కుక్క మొరుగుతోంది. రాబియా ఇద్దరు ఆడవాళ్ళతో వచ్చి ఊరికే కూర్చుంది. ఇవాళే అనుకుంటా. దేవుడా, ఈ ముసలామెకు గట్టి గుండె ఇవ్వు.

డిసెంబర్ 2

రాయకూడదనుకున్నాను. ఆ శనివారం ఒక్కటీ రాసి మూసేస్తాను.

వంటింటి కిటికీలోంచి చూశాను. కంచె పైన తెల్ల టోపీలు కనిపించాయి, నాలుగు. మాట్లాడుకోకుండా నడుస్తున్నారు. మనుషులు అలా మాట్లాడుకోకుండా కలిసి నడిచి వచ్చేది ఒక్క పనికే. చేతులు తుడుచుకుని పెద్దగదిలోకి పరిగెత్తాను. అత్తగారు గోడ వారన కూర్చుని ఉన్నారు. వెళ్ళి పక్కన కూర్చుని ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేశాను. ఎముకలే ఉన్నాయి. పడిపోతే ఎలా పట్టుకోవాలో, నీళ్ళు ఎక్కడున్నాయో అన్నీ మనసులో అనుకున్నాను. రాబియా వచ్చి నాకు ఇటుపక్క కూర్చుంది. ఇంకో ఆవిడ నా వెనక కూర్చుంది. అత్తగారికి అటుపక్క ఎవరూ లేరు. అటు వెళ్ళమని రాబియాకు సైగ చేశాను. తను కదల్లేదు.

తలుపు తెరుచుకుంది. ముందు లోపలికి వచ్చింది గుర్రాల మావయ్య.

ఆయనే. ఎడమకాలు ఈడుస్తూ, తల తగలకుండా గుమ్మం కింద వంగి, చేతికర్ర ముందు పెట్టి, ఆయనే వచ్చారు. చలికి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

నాకు ఎంత సంతోషం కలిగిందో రాస్తే ఎవరూ నమ్మరు. కబురు తప్పన్నమాట. ఎవరో ఎవరి గురించో చెబితే మా ఆయన తప్పుగా విన్నారన్నమాట. వారం రోజులుగా గుండె మీద ఉన్న రాయి ఎవరో ఎత్తి బయట పారేసినట్టు అయింది. నవ్వాను కూడా, పైకే నవ్వాను.

"అమ్మా, చూడండి," అన్నాను. "మావయ్య బతికే ఉన్నారు."

నలుగురు పెద్దవాళ్ళూ నేల చూశారు. మా ఆయన్ని చూశాను, ఇంత పెద్ద అబద్ధం మీకెవరు చెప్పారని అడుగుదామని. ఆయన తలుపు పక్కన నిలబడి గోడకు నుదురు ఆనించి ఉన్నారు.

అత్తగారి వైపు తిరిగాను. ఆవిడ అన్నను చూడడం లేదు. నన్ను చూస్తున్నారు. ఆవిడ రెండు చేతులూ నా చుట్టూ ఎప్పుడు వేశారో, నేను పట్టుకున్నాననుకున్న మనిషి నన్ను ఎప్పటినుంచి పట్టుకుని ఉన్నారో నాకు తెలియలేదు.

మావయ్య మెల్లగా కూర్చుని, కర్ర పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరవకముందే నేను ఎసెన్ అని పిలిచాను.